బోల్టు ఏల విరుగును?

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరము దాటినది. గాలి తగ్గిన పిమ్మట చూడగా నగరపు వీధులు కూలిన చెట్లతో నిండియుండెను. రోగిని ఆసుపత్రికి చేర్చవలెనన్నను, తెగిన కరెంటు తీగలను సవరించవలెనన్నను, ముందు దారికి అడ్డుపడిన మానులను ముక్కలుగా కోసి తొలగింపవలసి వచ్చెను. ఇట్టి సమయములందు గొడ్డలి ఒక్కటే చాలదు. పెట్రోలుతో నడచు గొలుసు రంపము కావలెను. గంటలు పట్టు కోతను అది నిమిషములలో ముగించును.

అయితే ఇట్టి రంపములను బాగుచేయువారి వద్దకు తరచుగా వచ్చు ఫిర్యాదులలో ఒకటి చూచుటకు మిక్కిలి చిన్నది. సైలెన్సరును పట్టియుంచు బోల్టు విరిగినది. క్రొత్తది వేసిరి. కొలది దినములలో అదియు విరిగినది. ఈమారు మరింత గట్టి ఉక్కుతో చేసిన బోల్టు తెచ్చి, పానాపై ఉన్న బలమంతయు చూపి బిగించిరి. అదియు విరిగినది, లేదా బోల్టు నిలిచి, ఇంజను పోతలోని మరయే పొడియై ఊడివచ్చినది. బోల్టు నాసిరకమని ఒకరు, బిగించినవానికి పని తెలియదని మరియొకరు అందురు.

విషయము చిన్నదే గాని ప్రమాదము చిన్నది కాదు. రంపపు గొలుసు సెకనుకు సుమారు 20 మీటర్ల వేగముతో, అనగా గంటకు 72 కిలోమీటర్ల వేగముతో పరుగెత్తును. అది తిరుగు పట్టీని ఇంజనుకు అంటిపెట్టునవి రెండు నట్లు మాత్రమే. చేయి పట్టుకొను పిడిని, చేతికి ముందున్న రక్షక ఫలకమును నిలుపునవియు బోల్టులే. వీనిలో ఒకటి సడలినచో నష్టపడునది యంత్రము మాత్రమే కాదు.

కదలని వస్తువులను పట్టియుంచు బోల్టులు ఏండ్ల తరబడి నిలుచును. అదరు యంత్రములోని బోల్టులే మరల మరల ఏల విరుగును? ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటకు నూరేండ్లకు పైగా పట్టినది. దాని కథ రంపములతో మొదలు కాలేదు. రైలు ఇరుసులతో మొదలైనది. ఆ కథ చివర తేలిన సంగతిని ముందే చెప్పిన దోషము లేదు. అదరు యంత్రములలో విరిగిన బోల్టులలో పెక్కు బలము చాలక విరిగినవి కావు. అవి ముందు వదులైనవి. ఆ తరువాత విరిగినవి.

వెర్సాయ్ రైలు

1842 మే 8వ తేదీన వెర్సాయ్ నగరములో ఉత్సవము చూచి పారిస్‌కు తిరిగివచ్చు జనముతో ఒక రైలు క్రిక్కిరిసియుండెను. మ్యూడాన్ సమీపమున ముందున్న ఇంజను ఇరుసు విరిగినది. వెనుకనున్న ఇంజనును పెట్టెలును దానిపై ఎక్కి మంటలు లేచెను. నాటి వాడుక ప్రకారము పెట్టెల తలుపులకు బయటినుండి తాళములు వేసియుండుటచే అనేకులు లోపలనే కాలిపోయిరి. యాభైమందికి పైగా మరణించిరి. దక్షిణ ధ్రువ సముద్రములలో ప్రయాణించి పేరొందిన నావికుడు ద్యుమోం ద్యుర్విల్, ఆయన భార్య, కుమారుడు కూడ మృతులలో ఉండిరి.

ఆ ఇరుసు అనేక మాసములు ఆ భారమునే మోయుచు తిరిగినది. ఆ దినమున దానిపై అధికముగా వచ్చిపడిన బరువేదియు లేదు. మరి ఏల విరిగినది? నాటి ఇంజనీర్లలో అనేకులు చెప్పిన కారణము వినుటకు బాగుగనే ఉండెను. ఇనుము మొదట నారవలె ఉండుననియు, అదరి అదరి క్రమముగా స్ఫటికముగా మారి పెళుసెక్కుననియు వారి నమ్మకము. విరిగినచోట గరుకుగా మెరయు రేణువులు కనబడుటయే వారికి సాక్ష్యము. అనగా దోషము లోహమునదే.

ఇరువది రెండేండ్ల స్కాట్లండు యువకుడు విలియం రాంకిన్ దీనిని ఒప్పుకొనలేదు. తరువాతి కాలమున ఉష్ణగతి శాస్త్రములో ఆయన గొప్ప పేరు సంపాదించెను గాని, 1843 నాటికి ఆయన కేవలము ఒక క్రొత్త ఇంజనీరు. ఆయన విరిగిన ఇరుసులను శ్రద్ధగా పరిశీలించి, పగులు ఎల్లప్పుడును ఒకే తావున ప్రారంభమగుచున్నదని చూపెను. ఇరుసు లావు హఠాత్తుగా తగ్గు మెడవద్ద వాడియైన మూల ఉండును. పగులు అక్కడ పుట్టి, కొంచెము కొంచెముగా లోపలికి ప్రాకి, మిగిలిన భాగము చాలనప్పుడు ఒక్కసారిగా తెగును. మూలను గుండ్రముగా చేసినచో ఇరుసు ఆయుస్సు పెరుగునని ఆయన సూచించెను. లోహము మారలేదు, ఆకారమే దానిని చంపినది అన్నమాట. ఆ మాటను లోకము వెంటనే ఆలకించలేదు.

ఈ మెడ మూల సంగతి బోల్టునకు ఎంత దగ్గర సంబంధము కలదో వేరుగా చెప్పనక్కరలేదు. బోల్టుమీది ప్రతి మరచుట్టు అడుగునను అట్టి మూలయే ఉన్నది. నట్టులోని మొదటి చుట్టు ఒక్కటియే మొత్తము భారములో సుమారు మూడవ వంతు మోయును. మిగిలిన చుట్లు తక్కినది పంచుకొనును. కనుకనే విరిగిన బోల్టులను చూచినచో అత్యధికము ఆ మొదటి చుట్టు వద్దనే తెగియుండును.

ఇక్కడ ఒక వింత చెప్పుకొనవచ్చును. వెర్సాయ్ ప్రమాదమునకు ఒక సంవత్సరము ముందు, 1841లో, ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ బోల్టు మరలకు ఒకే కొలత ఉండవలెనని ప్రతిపాదించెను. అంతవరకు ఏ కార్ఖానా మర ఆ కార్ఖానాదే. ఒకచోట చేసిన నట్టు మరియొకచోట చేసిన బోల్టునకు ఎక్కెడిది కాదు. ఆయన అనేక కార్ఖానాలనుండి బోల్టులు తెప్పించి, కొలిచి, సగటు తీసి, 55 డిగ్రీల కోణమును నిర్ణయించెను. చుట్టు అడుగు భాగమును గుండ్రముగా ఉంచెను. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల కోణము, చదునైన అడుగు గల మరను సూచించెను. దానిని చేయుట తేలిక. నేటి మెట్రిక్ మర కోణమును 60 డిగ్రీలే. అయితే లోహపు అలసట దృష్టితో చూచినచో విట్‌వర్త్ గుండ్రని అడుగే మేలు. 1841లో ఆ మేలు ఎవరికిని తెలియదు. మేలు తెలిసిన పిమ్మట, విమానములకు కావలసిన బోల్టులలో ఆ గుండ్రదనమును మరల తెచ్చిపెట్టిరి.

వోలర్ త్రిప్పిన చక్రము

జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ అన్ డెర్ ఓడర్ పట్టణములో రైలు బండ్ల బాధ్యత వహించుచుండిన ఆగస్ట్ వోలర్ ఈ ప్రశ్నను వాదముతో కాక యంత్రముతో తేల్చదలచెను. 1850 తరువాత సుమారు ఇరువది ఏండ్లు ఆయన ఇరుసులను, కడ్డీలను వంచుచు త్రిప్పుచు, ఏది ఎన్ని త్రిప్పులకు విరుగునో లెక్క వ్రాసెను. భారము క్రింద వంగిన ఇరుసు ఒక చుట్టు తిరుగునప్పుడు దాని పైపొర ఒకసారి నొక్కబడును, ఒకసారి లాగబడును. ఒక్క త్రిప్పునకు ఒక ఊగు.

ఆయన కనుగొన్న సంగతులు రెండు. ఒక్కసారి మోపిన విరుగని భారముకూడ లక్షలసార్లు మోపిన విరుగగొట్టును. ఇది మొదటిది. రెండవది ఇంతకంటె ముఖ్యము. లోహమును అలయజేయునది ప్రతిబలము ఎంత హెచ్చుగా ఉన్నదన్నది కాదు; అది ఎంత మేర పైకి క్రిందికి ఊగుచున్నదన్నదే ప్రధానము. హెచ్చు ప్రతిబలముతో నిశ్చలముగా ఉన్న ఉక్కు చిరకాలము నిలుచును. తక్కువ ప్రతిబలమే అయినను, ఊగు పెద్దదైనచో చచ్చును. ఒక హద్దునకు లోబడిన ఊగులను మాత్రము ఉక్కు ఎన్నియైనను సహించును. 1870 నాటికి ఈ ఫలితములన్నియు ప్రకటితమైనవి.

స్ఫటిక వాదమునకు చివరి దెబ్బ 1903లో కేంబ్రిడ్జిలో తగిలినది. జేమ్స్ యూయింగ్, హంఫ్రీ అను ఇరువురు స్వీడన్ ఇనుమును నునుపుచేసి, మరల మరల వంచుచు, మధ్య మధ్య సూక్ష్మదర్శినిలో చూచిరి. ఇనుము మొదటినుండియు స్ఫటికములతో కూడినదే. క్రొత్తగా మారినదేమియు లేదు. ఆ స్ఫటికములలో సన్నని జారుడు గీతలు పుట్టి, దట్టమై, కొన్నాళ్లకు పగుళ్లగుచుండెను.

పందొమ్మిది గంటలు

రైలు ఇరుసు నుండి రంపమునకు వత్తము.

పెట్రోలు గొలుసు రంపము జర్మనీలో రూపొందినది. 1927లో ఎమిల్ లెర్ప్ తన రంపమును థురింజియాలోని డోల్మార్ అను కొండపై పరీక్షించెను. కొండ పేరే రంపమునకు పేరైనది. 1929లో ఆండ్రియాస్ స్టిల్ పెట్రోలుతో నడచు చెట్లు కూల్చు యంత్రమును తయారుచేసెను. దాని బరువు 46 కిలోగ్రాములు, శక్తి 6 అశ్వశక్తులు. ఇద్దరు మనుష్యులు చెరియొక వైపు పట్టినగాని అది లేచెడిది కాదు. 1959లో అదే సంస్థ చేసిన కాంట్రా రంపము అదే 6 అశ్వశక్తులతో సుమారు 12 కిలోలకు దిగినది. ఈ మధ్యకాలమున, 1947లో, అమెరికాలోని ఆరెగాన్‌లో జోసెఫ్ కాక్స్ అను చెట్లు నరుకువాడు మ్రానును తొలుచు ఒక పురుగు దవడలను చూచి, వానిని పోలిన పండ్లతో క్రొత్త గొలుసు చేసెను. పురుగు నేర్పిన ఆ గొలుసు వంశమే నేటికిని రంపములపై తిరుగుచున్నది.

ముప్పది ఏండ్లలో బరువు నాలుగవ వంతుకు తగ్గినది, శక్తి తగ్గలేదు. మోయువానికి ఇది వరమే గాని బోల్టునకు కాదు. ఒకే సిలిండరు గల ఇంజనులో పిస్టను ఒక్కొక్క చుట్టునకు రెండుమార్లు ఆగి వెనుకకు మరలును. ఆ కుదుపును ఎదురు బరువుతో పూర్తిగా అణచుట సాధ్యము కాదు. బరువైన దేహము దానిని కొంత దిగమ్రింగును. తేలిక దేహము దానితో కూడ ఊగును.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేయుదము. రంపపు ఇంజను నిమిషమునకు 9,000 చుట్లు తిరుగుచున్నదనుకొనుడు. అనగా సెకనుకు 150. ఒక కోటి చుట్లు పూర్తియగుటకు సుమారు 66,700 సెకనులు, అనగా పందొమ్మిది గంటలకు లోపు కాలము పట్టును. ఒక మీటరు వ్యాసము గల రైలు చక్రము కోటి చుట్లు తిరుగవలెనన్న 31,400 కిలోమీటర్లు నడువవలెను. వోలర్ ఇరుసు భూగోళమును మూడు వంతులకు పైగా చుట్టివచ్చునంత దూరములో పొందిన అలసటను, రంపములోని బోల్టు మూడు దినముల పనిలో పొందును. రైలులో సంవత్సరములు దాగియుండగల లోపము రంపములో ఒక వారములో బయటపడుటకు కారణమిదియే.

చేతులకును ఈ అదురు తగిలినది. ఏండ్ల తరబడి రంపము పట్టిన అడవి పనివారి వ్రేళ్లు చలిలో పాలిపోయి స్పర్శ కోల్పోవుచుండెను. 1960, 70 దశకములలో పిడికిని ఇంజనుకును నడుమ రబ్బరు దిమ్మలు అమర్చు పద్ధతి వ్యాపించినది. చేతులకు ఊరట కలిగినది. ఇంజను వైపున ఉన్న సైలెన్సరు బోల్టులకు మాత్రము ఆ రబ్బరు వలన ఒరిగినదేమియు లేదు.

బోల్టు ఒక స్ప్రింగు

బోల్టును చాలమంది మేకువంటిదని భావింతురు. నిజమునకు అది మిక్కిలి బిరుసైన స్ప్రింగు. నట్టు బిగించినకొలది బోల్టు సాగును; సాగిన బోల్టు వెనుకకు ముడుచుకొన యత్నించుచు రెండు భాగములను ఒకదానికొకటి అదిమిపట్టును. ఈ బిగువే దాని పని.

బిగువు వలన బోల్టు అలసట నుండి తప్పించుకొనుట ఎట్లో పాఠశాలలో చూపవచ్చును. ఒక స్ప్రింగు త్రాసును పైన గట్టి కొక్కెమునకు తగిలించుడు. దాని క్రింది కొక్కెమునకు సాగని తీగ కట్టి, త్రాసు 10 కిలోలు చూపువరకు లాగి, తీగ రెండవ కొనను నేలపై ఉంగరమునకు కట్టుడు. ఇప్పుడు అదే కొక్కెమునకు 4 కిలోల బరువు వ్రేలాడదీయుడు. త్రాసు 14 చూపునని విద్యార్థులు అందురు. అది 10 వద్దనే నిలుచును! తగ్గినది తీగలోని లాగుడు. అది 10 నుండి 6కు దిగినది. బరువును తీసినను పెట్టినను త్రాసు ముల్లు కదలదు. బరువు 10 కిలోలు దాటినప్పుడే ముల్లు కదలుట మొదలగును.

స్ప్రింగు బోల్టు అనుకొనుడు; తీగ అదిమిపట్టబడిన భాగములు; వ్రేలాడదీసిన బరువు యంత్రపు కుదుపు. బిగువు కుదుపుకంటె హెచ్చుగా ఉన్నంతవరకు, కుదుపులో కొద్ది వంతు మాత్రమే బోల్టును చేరును. భాగములు తీగవలె పూర్తిగా బిరుసైనవి కావు కనుక కొద్ది వంతు చేరక తప్పదు. బోల్టులోని ప్రతిబలము హెచ్చే గాని ఊగు స్వల్పము. వోలర్ చెప్పిన రక్షణ ఇదే. తీగ తెగినచో, అనగా బిగువు పోయినచో, కుదుపు అంతయు బోల్టుపైననే పడును. ఎక్కువ బిగించిన బోల్టుకంటె తక్కువ బిగించిన బోల్టే త్వరగా విరుగుటలోని మర్మమిది.

ఈ బిగువు ఎంత సున్నితమైనదో అంకెలలో చూడవలెను. 20 మిల్లీమీటర్ల మందమును పట్టియున్న ఉక్కు బోల్టును చదరపు మిల్లీమీటరుకు 400 న్యూటనుల ప్రతిబలము వచ్చునట్లు బిగించినచో అది సాగునది 0.04 మిల్లీమీటరు. వెండ్రుక మందము కూడ కాదు. యంత్రభాగముల తలములు ఎంత నునుపైనను సూక్ష్మమైన మిట్టలు ఉండనే యుండును. అదురునకు అవి అణగును. ఒక్కొక్క తలము 0.003 మిల్లీమీటరు అణగినను, నాలుగు తలములలో 0.012 పోవును. 0.04లో అది దాదాపు మూడవ వంతు. నట్టు ఒక్క వెంట్రుకవాసి తిరుగకుండగనే బిగువులో మూడవ వంతు పోయినదన్నమాట. నడుమ రంగు పూతయో, కాగితపు గాస్కెట్టో ఉన్నచో చెప్పనక్కరలేదు.

దీనికి వేడి తోడగును. డిగ్రీకి ఉక్కు పది లక్షలలో 12 వంతులు వ్యాకోచించిన, అల్యూమినియము సుమారు 23 వంతులు వ్యాకోచించును. 20 మిల్లీమీటర్ల అల్యూమినియమును ఉక్కు బోల్టు పట్టియున్నదనుకొనుడు. 150 డిగ్రీలు వేడెక్కినప్పుడు రెండింటి వ్యాకోచములోని తేడా 0.033 మిల్లీమీటరు, బోల్టు సాగిన కొలతకు ఇంచుమించు సమానము. వేడిలో బిగువు దాదాపు రెండింతలు కావలెను. మెత్తని అల్యూమినియము తాళలేక నొక్కుకొనిపోవును. చల్లారిన పిమ్మట బోల్టు వదులు. ఉదయము బిగించినది సాయంకాలమునకు సడలియుండుటలో భూతవైద్యమేమియు లేదు.

బిగించువాని చేతికి ఈ బిగువు తెలియునా? తెలియదు. పానాపై చూపిన శ్రమను పది వంతులు చేసినచో, సుమారు అయిదు వంతులు తల క్రింది ఘర్షణకు, నాలుగు వంతులు మరలోని ఘర్షణకు ఖర్చగును. బోల్టును సాగదీయునది ఒక్క వంతు. మరకు నూనె అంటినచో ఘర్షణ తగ్గి, అదే శ్రమకు బోల్టు ఎంతో హెచ్చుగా సాగును, ఒక్కొక్కసారి అక్కడికక్కడే తెగును. మర తుప్పుపట్టినచో చేయి నొప్పి పుట్టునంత బిగించినను బోల్టులో బిగువు ఉండదు.

యుంకర్ యంత్రము

ఇంతవరకు చెప్పినది నట్టు తిరుగకుండగనే బిగువు పోవు మార్గము. నట్టు తనంతట తాను తిరిగి ఊడివచ్చుట వేరొక సంగతి. అది చాలకాలము ఇంజనీర్లను తికమక పెట్టినది.

మర అనగా గుండ్రముగా చుట్టిన వాలుతలము. 8 మిల్లీమీటర్ల సాధారణ బోల్టులో ఆ వాలు సుమారు 3 డిగ్రీలు. ఉక్కుపై ఉక్కు జారుటకు 7, 8 డిగ్రీల వాలైనను కావలెను. కాబట్టి నట్టు తనంతట జారరాదు. అయినను జారుచున్నదే!

1945లో అమెరికాలో గుడియర్, స్వీనీ అనువారు బోల్టును దాని పొడవు దిశలో లాగుచు వదలుచు పరీక్షించిరి. నట్టు కొంచెము వెనుకకు తిరిగినది, పూర్తిగా ఊడలేదు. చిక్కు విడలేదు. జర్మనీకి చెందిన గెర్హార్డ్ యుంకర్ ప్రశ్నను ప్రక్కకు త్రిప్పెను. నిలువుగా లాగుటకు బదులు, బోల్టు పట్టియున్న పలకను అడ్డముగా ఇటునటు జరుపు యంత్రమును నిర్మించెను. ఊగుచుండగనే బోల్టులోని బిగువును కొలుచు సాధనమును అందులో అమర్చెను. 1969లో ఆయన ప్రకటించిన ఫలితములు చూచువారిని ఆశ్చర్యపరచెను. పలకలు అడ్డముగా జారినచో, కొన్ని వందల ఊగులలోనే బిగువంతయు హరించుకొనిపోయి నట్టు ఊడుచుండెను. సెకనుకు 150 ఊగుల లెక్కన అది కొన్ని సెకనుల పని.

కారణము సులభము. ఒక వాలుబల్లపై ఇటుకను జారనంత వాలులో ఉంచి, బల్లను ప్రక్కలకు అటునిటు కుదిపిచూడుడు. ఇటుక ప్రక్కకు మాత్రమే జారి ఊరకుండదు. ప్రతి కుదుపునకు కొంచెము కొంచెముగా క్రిందికి దిగివచ్చును. జారుచున్న వస్తువుపై ఘర్షణ అది జారు దిశకు ఎదురుగా మాత్రమే పనిచేయును. ఆ క్షణమున వాలు దిశలో దానిని ఆపు ఘర్షణ మిగులదు. చిన్న వాలైనను చాలును. సీసా బిరడాను మెలిపెట్టుచు లాగినచో సులువుగా వచ్చుటయు ఇట్టిదే.

యుంకర్ పరీక్ష తరువాత జర్మన్ ప్రమాణము 65151 రూపమున స్థిరపడినది. దానిపై పెట్టిచూడగా అంతకుముందు నమ్మకముతో వాడుచుండిన కొన్ని ఉపాయములు పరువు పోగొట్టుకొనెను. అందులో ముఖ్యమైనది, ప్రతి మెకానిక్కు డబ్బాలోను ఉండు చీలిన స్ప్రింగు వాషరు. బోల్టు పూర్తి బిగువునకు రాకమునుపే అది చదునై మామూలు వాషరుగా మారిపోవును. 1990లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ప్రచురించిన బోల్టుల కరదీపిక కూడ ఈ మాటయే చెప్పినది. అయినను ఆ వాషరు నేటికిని వాడుకలో ఉన్నది. అలవాటు కూడ ఒకవిధమైన ఘర్షణయే కాబోలు.

ప్రొఫెసరు గారి ద్రవము

యుంకర్‌కు ముందే వేరొక దిక్కునుండి ఒక సహాయము వచ్చియుండెను. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరమందు ట్రినిటీ కళాశాలలో రసాయన శాస్త్రాచార్యుడు వెర్నన్ క్రీబుల్. గాలి తగులుచున్నంతవరకు ద్రవముగా ఉండి, గాలి అందనిచోట గట్టిపడు ఒక పదార్థము అప్పటికే జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ పరిశోధనాలయములో తెలిసియుండెను. కాని దానిని నిలువచేయుటకు ఎడతెగక గాలి ఊదుచుండవలెను. లేనిచో పాత్రలోనే బిగిసిపోవును. అట్టి వస్తువును అంగడిలో ఎవరు కొందురు? 1953 ప్రాంతమున క్రీబుల్ ఈ చిక్కును విడదీసి, మామూలు సీసాలో నిలువయుండు ద్రవమును తయారుచేసెను. సీసాను గాలి చొరగల ప్లాస్టిక్కుతో చేసి, నిండుగా నింపక ఖాళీ వదలుట అందలి కిటుకు. లాక్టైట్ అను పేరుతో 1956లో అది లోకమునకు వెల్లడియైనది. మరపై రెండు చుక్కలు వేసి బిగించినచో, చుట్ల నడుమ గాలి లేనందునను, లోహపు స్పర్శ వలనను అది గట్టిపడి సందులను నింపును. సందు లేనిచోట అడ్డపు జారుడు లేదు. జారుడు లేనిచోట నట్టు తిరుగదు.

అయితే సాధారణ రకపు ద్రవము 150 డిగ్రీలు దాటిన వేడిలో పట్టు కోల్పోవును. రంపపు పిడి బోల్టునకు, రక్షక ఫలకపు బోల్టునకు అది తగియున్నది. అంతకుమించి కాలు సైలెన్సరు బోల్టునకు తగదు. అక్కడ వేరొక ఉపాయము కావలెను. అది ముందు చెప్పిన లెక్కలోనే దాగియున్నది. 20 మిల్లీమీటర్ల బోల్టునకు బదులు 60 మిల్లీమీటర్ల బోల్టు తీసికొని, మిగిలిన 40 మిల్లీమీటర్లకు దళసరి ఉక్కు గొట్టమును తొడిగి బిగించుడు. అదే ప్రతిబలమునకు ఇప్పుడు బోల్టు 0.12 మిల్లీమీటరు సాగును. తలములు మునుపటివలె 0.012 అణగినను పోవునది పదవ వంతు మాత్రమే. బోల్టు లావు పెరుగలేదు, ఉక్కు మారలేదు. పొడవు మాత్రమే పెరిగినది. లావు పెంచినవారికి దొరకని ఫలితము ఇందువలన దొరకును. లావైన బోల్టు బిరుసెక్కి కుదుపులో హెచ్చు వంతును తనపైకి తెచ్చుకొనును. దానికి తగినంత బిగువు ఇచ్చుటకు మెత్తని పోతలోని మర తాళదు. మొదట చెప్పిన కథలో మర పొడియై ఊడివచ్చుట ఇందువలననే.

ఇట్టి పని చేయుటకు ముందు విరిగిన ముక్కను పారవేయకుండుట మంచిది. దాని మొగమును భూతద్దముతో చూచినచో జరిగినదంతయు దానిపై వ్రాసియుండును. తెగిన తలము అంతయు గరుకుగా ఉండి, మెడ సన్నబడియున్నచో బోల్టు ఒక్క పెట్టున అతి బిగింపువలన తెగినది. అట్లుగాక ఒక అంచు నుండి నున్నని భాగము ప్రారంభమై, ఇసుకపై అలలు విడిచిన గీతలవలె వంపు రేఖలు వరుసగా ఉండి, చివర మాత్రమే గరుకైనచో అది అలసట పగులు. రాంకిన్ 1843లో చెప్పిన కొంచెము కొంచెముగా ప్రాకు పగులు అదే. గరుకు భాగము మిక్కిలి చిన్నదైనచో, చివరి క్షణమున బోల్టుపై ఉన్న భారము స్వల్పమే. అట్టి బోల్టును బలము చాలనిదని అనుట దానికి అన్యాయము. ఆ కొద్ది ఇనుముతో అంతసేపు నిలిచినది.

సడలుట కంటికి కనబడునట్లు చేయు ఒక చౌకయైన పద్ధతి కార్ఖానాలలో కలదు. బోల్టు బిగించిన వెంటనే, దాని తలమీదుగా ప్రక్కనున్న లోహముపైకి రంగుతో ఒక్క సన్నని గీత గీయుదురు. రైలు పెట్టెల అడుగుననో, మోటారు ఇంజనులపైననో ఇట్టి పసుపు, తెలుపు గీతలను విద్యార్థులు చూచియుందురు. బస్సు చక్రముల నట్లకు తొడిగిన పసుపుపచ్చని ములుకుల పనియు ఇదే. గీత రెండు ముక్కలై పక్కకు తప్పినచో నట్టు తిరిగినది. యుంకర్ చూపిన అడ్డపు జారుడు ఎక్కడనో ఉన్నదని దాని అర్థము. గీత చెక్కుచెదరకయే పానాకు బోల్టు వదులుగా తగిలినచో తలములు అణగినవి, లేక వేడికి లోహము నొక్కుకొనినది. మొదటిదానికి క్రీబుల్ ద్రవము వంటిది, రెండవదానికి పొడవైన బోల్టు. రంపమును కొంతసేపు నడిపి చల్లారనిచ్చి మరియొక్కసారి బిగించుట రెండింటికిని చేయవలసినదే.